సముద్రం పక్క కొండల మీద గొర్రెల కుక్కలు: అసలు ఎలా పని చేస్తాయి?

కాన్వీ_కిరణ్

అందరికీ నమస్తే. మేం ఉత్తర వేల్స్‌లో కాన్వీ దగ్గర ఉంటాం. ఇంటి వెనక కార్నెథై కొండలు, ముందు ఐరిష్ సముద్రం. ఉద్యోగం ఐటీ. గొర్రెలతో నాకున్న సంబంధమల్లా ఆదివారం కూర వరకే. మొన్న జులైలో ఉన్ని కత్తిరింపు కోసం పక్క ఫామ్ ఆయన కొండ మీది మందను దింపుతూ, మనిషి సాయం కావాలంటే వెళ్లాను. నాకిచ్చిన డ్యూటీ రాతి గోడ కూలిన చోట చేతులు చాపి నిలబడటం.

ఆయన క్వాడ్ బైక్ (కొండల మీద నడిపే నాలుగు చక్రాల బండి) ఆపి ఏదో చిన్న మాటన్నాడు. వెనక కూర్చున్న కుక్క కిందికి దూకింది. గొర్రెల వైపు వెళ్తుందనుకున్నా. అది వాటికి దూరంగా, దాదాపు వేరే దిక్కుకు పరుగు తీసి కొండ అంచు దాటి కనపడకుండా పోయింది. ఆయన మాత్రం తీరిగ్గా ఫ్లాస్క్ తీసి టీ పోసుకున్నాడు. టెన్షన్ అంతా నాకే. చాలాసేపటికి అంచు మీద గొర్రెలు ఒక్కొక్కటే కనపడ్డాయి, అన్నిటి వెనకా తల వంచుకుని కుక్క.

నా సందేహాలు: యజమాని కనపడని చోట దానికి ఏం చేయాలో ఎలా తెలుస్తుంది? కొండకు అవతలి వైపు నేరుగా సముద్రంలోకి దిగే రాళ్లున్నాయి, గొర్రెలు బెదిరి దూకేయవా? ఆ గాలిలో పక్క మనిషి మాటే వినపడదు కదా, కుక్కకు ఏం వినపడుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

రవి_లీడ్స్

బోర్డర్ కోలీ కదా బ్రో. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. ఐక్యూ లిస్టులో ఫస్ట్ ప్లేస్ దానిదే.

లీన్_రాధ

కిరణ్ గారూ, మంచి సమయంలో అడిగారు, ఇవాళ వాన, బయట పని లేదు. మా అత్తగారి వాళ్ల ఫామ్ లీన్ ద్వీపకల్పం చివర, ఆబర్‌డారన్ వైపు. ఎదురుగా బార్డ్‌సీ దీవి కనిపిస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకూ ఇవే సందేహాలు. ఇప్పుడు నాకంటూ సొంతంగా ఒక కుక్క ఉంది, దాన్ని నేనే తయారు చేసుకున్నాను.

రవి గారూ, ఐక్యూ సంగతి పక్కన పెడదాం. కొండ మీద పనికొచ్చేది వేరు.

మీరు చూసిన ఆ పెద్ద చుట్టును ఇక్కడ అవుట్‌రన్ అంటారు. కుక్క నేరుగా గొర్రెల మీదికి వెళ్తే అవి ఎదురు దిక్కుకు పారిపోతాయి. అందుకే అది బేరిపండు ఆకారంలో వెడల్పుగా తిరిగి, వాటికి బెదురు కలగనంత దూరం నుంచి వెనక్కి చేరుకుంటుంది. గడియారంలో మీరు ఆరు దగ్గర నిలబడితే అది పన్నెండు దగ్గరికి వెళ్లి ఆగాలి. అక్కడి నుంచి నెమ్మదిగా అడుగు వేయగానే మంద కదులుతుంది. ఆ మొదటి కదలికను లిఫ్ట్ అంటారు. మా మామగారు కుక్కను కొనడానికి వెళ్తే చూసేది ఆ నాలుగు క్షణాలే. గొర్రెలు తలెత్తి చూసి, నడకతో బయలుదేరితే మంచి కుక్క. చెల్లాచెదురై పరుగెత్తాయంటే మిగతాదంతా ఎంత బాగా చేసినా ఆయనకు నచ్చదు.

దీనికి సగం నేర్పాల్సిన పనే లేదు. గొర్రెలకు ఇవతల మనిషి ఉంటే అవతల తానుండాలని దానికి పుట్టుకతోనే అనిపిస్తుంది. ఆరు నుంచి పది నెలల మధ్య ఏదో ఒక రోజు పిల్ల కుక్క గొర్రెల్ని చూసి తోక దించి, తల వంచి చుట్టూ తిరగడం మొదలెడుతుంది. మీరు కుడికి జరిగితే అది అవతలి వైపు జరిగి మళ్లీ మీకు ఎదురుగా వస్తుంది. కాబట్టి గొర్రెల్ని మీ దగ్గరికి తేవడం దానికి సహజం. కష్టమంతా మీ నుంచి దూరంగా తోలుకుపొమ్మనడంలో ఉంది. అది దాని ఒంట్లో ఉన్నదానికి పూర్తి విరుద్ధం, నెలలు పడుతుంది.

ఆగడం నేర్పడం అన్నిటికంటే ముఖ్యం. పరుగెత్తడం ఎవరూ నేర్పక్కర్లేదు.

కాన్వీ_కిరణ్

థాంక్యూ రాధ గారూ. మరి ఆ రాళ్ల సంగతి? ఆ రోజు నాకు గుండె దడ దానితోనే.

లీన్_రాధ

వస్తున్నా.

వసంతంలో సముద్రం వైపు వాలులో గడ్డి ముందుగా పచ్చబడుతుంది. ఉప్పు గాలి తగిలే గడ్డి అంటే గొర్రెలకు ఇష్టం కూడా. ఒక్కో మెట్టే దిగుతూ, మళ్లీ ఎక్కలేని చోటికి వెళ్లి కూర్చుంటాయి. అలాంటి చోట కుక్క పొరపాటున కూడా పై నుంచి రాకూడదు. పై నుంచి ఒత్తిడి పడిందంటే వాటికి మిగిలిన దారి కిందికే, అంటే సముద్రంలోకే. కుక్క సముద్రం వైపు నుంచి, అంటే వాటికీ అంచుకీ మధ్యలో దూరి రావాలి. చాలా చోట్ల అక్కడ ఉండేది గొర్రెలే తొక్కి చేసిన మూరెడు వెడల్పు దారి. దాని మీద అది పరుగెత్తదు, నడుస్తుంది. రెండడుగులు వేసి పడుకుంటుంది. గొర్రె దాన్ని చూసి, ఆలోచించుకుని, పైకి తిరుగుతుంది. అప్పుడు ఇంకో రెండడుగులు. చూసేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇక మధ్యలో దూరే చోటే లేకపోతే కుక్కను వెనక్కి పిలిచేస్తాం. గొర్రెకు ఆకలేసి తనంతట తాను ఎక్కివస్తే సరే, లేదంటే తాళ్లు, మనుషులు. ఆ సమయంలో "నేను చేసి చూపిస్తా" అని తొందరపడే కుక్క ఉంటే నష్టమే. లోతట్టు పొలాల్లో వేగానికి విలువ ఉంటుందేమో. మా దగ్గర దూకుడు కుక్కను ఎవరూ ఊరికే ఇచ్చినా తీసుకోరు.

గాలి గురించి: నిజమే, పడమటి గాలి వీస్తే అరిచినా ఉపయోగం లేదు. అందుకే విజిల్. సగం చందమామ ఆకారంలో రేకు ముక్క, నోట్లో పెట్టుకుని నాలుకతో స్వరం మారుస్తారు. గడియారం తిరిగే దిక్కుకు వెళ్లాలంటే ఒక కూత, ఎదురు దిక్కుకు ఇంకోటి, పడుకోవడానికి, నడిచి రావడానికి, "అక్కడ ఇంకొన్ని వదిలేశావు, వెనక్కి చూడు" అనడానికి వేర్వేరు. రెండు కుక్కలుంటే ఒక్కోదానికి ఒక్కో వరస నేర్పుతారు, లేకపోతే రెండూ ఒకే వైపు పోతాయి.

అయినా కొండకు అవతల విజిల్ కూడా అందదు. అక్కడ అంతా దాని ఇష్టమే. నేను కుడికి పొమ్మన్నా, ఎడమ పక్క గొర్రెలు జారిపోతున్నాయని దానికి కనిపిస్తే అది ఎడమకే పోవాలి. గొర్రెల కుక్కల పోటీల్లో దీనికి మార్కులు పోతాయి, కొండ మీద దీనికే అన్నం పెడతాం. నేను కనిపించే చోట మాట వినాలి, కనిపించని చోట సొంత తెలివి వాడాలి. రెండూ ఉన్న కుక్క దొరకడం కష్టం. దొరికితే ఎవరూ అమ్మరు.

మంద_మల్లేశ్

రాధక్కా, చాలా బాగా చెప్పినవ్. మాది మహబూబ్‌నగర్ జిల్లా, కురుమలం. నేనిప్పుడు బర్మింగ్‌హామ్‌లో గోదాములో పని చేస్తున్న గానీ మా నాయన ఇప్పటికీ జీవాల వెంటే.

మా మంద దగ్గర కూడా కుక్కలుంటయి. కానీ ఇట్ల తోలే పని వాటికి లేదు. ఎండాకాలం మంద మేత కోసం ఊర్లు దాటి పోతది. కోత అయిన చేన్లల్ల రాత్రి మంద పెడతరు, ఎరువు కోసమని రైతు ధాన్యమో పైసలో ఇస్తడు. ఆ రాత్రి తోడేలు రాకుండ, దొంగ రాకుండ చూసుకునుడే కుక్క పని. పగలు అది మంద మధ్యల నడుస్తది, నీడ దొరికితే పండుకుంటది. గొర్రెను మళ్లించేది మనిషే, నోటితో కూత, చేతిల కట్టె. మా నాయన ముందల నడుస్తుంటే మంద వెనక వస్తది.

మీ కుక్కను మా మందల వదిలితే ఏమైతది? మా కుక్కను మీ కొండ మీద వదిలితే ఏమైతది? నిజంగనే అడుగుతున్న.

పశువైద్యం_సునీత

మల్లేశ్ గారూ, ఈ ప్రశ్నకు సమాధానం నా సబ్జెక్టే. నేను రాజేంద్రనగర్‌లో చదివి, ఇప్పుడు ఉత్తర వేల్స్‌లో గ్రామాల వైపు ప్రాక్టీసులో పని చేస్తున్నాను.

వేట జంతువు చేసే పనులకు ఒక వరస ఉంటుంది: చూడటం, గురి పెట్టడం, నక్కి నక్కి దగ్గరవడం, తరమడం, పట్టడం, కరవడం, చంపడం. బోర్డర్ కోలీలో తరతరాల ఎంపికతో మొదటి నాలుగూ బాగా పెరిగాయి, చివరివి బాగా తగ్గాయి. అది చూసే చూపులోనే గొర్రెకు తోడేలు కనిపిస్తుంది. అందుకే కదులుతుంది. మీ నాన్నగారి మంద దగ్గరుండే కుక్కలో ఆ వరస మొత్తం నిద్రపోతూ ఉంటుంది. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి గొర్రెల మధ్యే పెరుగుతుంది కాబట్టి వాటిని తన వాళ్లనుకుంటుంది. గొర్రెకు దాన్ని చూస్తే భయం ఉండదు.

అంటే మీ కుక్కను ఇక్కడ వదిలితే హాయిగా గొర్రెల పక్కన పడుకుంటుంది. కోలీని మీ మందలో వదిలితే రోజంతా గొర్రెల్ని ఒక మూలకు చేర్చి మేయనివ్వదు. తోడేలు వస్తే మాత్రం 15, 20 కిలోల కోలీ చేయగలిగింది తక్కువ. వేల్స్ కొండల్లో తోడేళ్లు అంతరించిపోయి కొన్ని వందల ఏళ్లయింది. కాపలా అవసరం లేని చోట తోలే కుక్క పెరిగింది, తోడేలు మిగిలిన దక్కనులో కాపలా కుక్క మిగిలింది.

ఇంకో తేడా. ఇక్కడి కొండల మీద చాలా చోట్ల కంచె ఉండదు. అయినా ఒక ఫామ్ గొర్రెలు తమ భాగం దాటి పెద్దగా పోవు. తల్లి వెంట తిరిగి గొర్రెపిల్ల ఆ హద్దు నేర్చుకుంటుంది, పెద్దదై తన పిల్లకు నేర్పుతుంది. ఇంగ్లిష్‌లో హెఫ్ట్, వెల్ష్‌లో కనెవిన్ అంటారు. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని కుంబ్రియాలో ఇలా హద్దు తెలిసిన మందలు మొత్తం పోయిన ఫామ్‌లున్నాయి. డబ్బు పరిహారం వచ్చింది, కొత్త గొర్రెలూ వచ్చాయి. వాటికి కొండ తెలియదు. మళ్లీ హద్దు అలవాటయ్యే దాకా మనిషీ కుక్కా కాపలా కాయాల్సి వచ్చింది.

మంద_మల్లేశ్

ఇది మాకు బాగ తెలిసిన కథ సునీతక్కా. 2017ల మన తెలంగాణల గొర్రెల పథకం ఇచ్చినప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్, 75 శాతం సబ్సిడీ. జీవాలు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి వచ్చినయి. మా నాయన అన్నడు, "మంద కొనొచ్చు గానీ మందకు దారి కొనలేం." మా ఇంటి పాత జీవాలతో కలవనీకి వాటికి ఒక కాలం పట్టింది.

హంట్‌అవే_హరి

క్రైస్ట్‌చర్చ్, న్యూజిలాండ్ నుంచి హాజరు. మాకు దగ్గర్లో బ్యాంక్స్ ద్వీపకల్పం, అదీ సముద్రం మీదికి నిలబడిన కొండే. ఇక్కడ రెండు రకాల కుక్కలు వాడతారు. హెడింగ్ డాగ్ అంటే మీ కోలీ లాగే నిశ్శబ్దంగా చూపుతో పని చేస్తుంది. రెండోది హంట్‌అవే. దాని ఆయుధం మొరుగు! ఫామ్‌లు పెద్దవి, వాలు ఎక్కువ, మంద వేలల్లో ఉంటుంది. కింద నిలబడ్డ కుక్క బొంగురు గొంతుతో మొరుగుతుంటే మంద పైకి ఎక్కుతుంది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడేలా ఇరుక్కున్న షెడ్డులో కూడా అదే కావాలి, అక్కడ చూపు ఎవరికి కనిపిస్తుంది?

లేక్ టెకాపో దగ్గర గొర్రెల కుక్కకు కంచు విగ్రహం కూడా ఉంది, 1968లో పెట్టారు. మన టూరిస్టులందరూ దాంతో సెల్ఫీ దిగుతారు.

రవి_లీడ్స్

రేటు ఎంత ఉంటుంది ఇవి? ఊరికే అడుగుతున్నా.

లీన్_రాధ

పిల్ల అయితే వందల పౌండ్లలో, పని నేర్చినదైతే వేలల్లో. 2021 ఫిబ్రవరిలో వేల్స్‌లోనే డోల్గెల్లా పశువుల మార్ట్ ఆన్‌లైన్ వేలంలో కిమ్ అనే ఏడాది వయసు ఆడ కుక్క 28,455 పౌండ్లకు పోయింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. పేపర్ల నిండా అదే. అది చూసి అందరి కుక్కలకూ ధర పెరిగిందని మా వాళ్లు అమ్మేటప్పుడు సంతోషించారు, కొనేటప్పుడు తిట్టుకున్నారు.

స్వప్న_బ్రిస్టల్

అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కాస్త అడ్డం వస్తాను. ఒకసారి హాలిడేలో ఒక ఫామ్ చూశాం. కుక్కను రేకుల షెడ్డులో గొలుసుతో కట్టేశారు. పని ఉన్నప్పుడే విప్పుతారట. వాన, చలి, ముళ్లు, కొండలు. జీతం లేదు, సెలవు లేదు. ఇదంతా మనకు అందంగా కనిపిస్తోంది గానీ కుక్కకు ఎలా ఉంటుందో?

హంట్‌అవే_హరి

స్వప్న గారూ, విప్పగానే అది ఎక్కడికి పరుగెడుతుందో చూశారా? గేటు బయటికి కాదు, గొర్రెల దగ్గరికి.

స్వప్న_బ్రిస్టల్

హరి గారూ, వ్యసనం ఉన్నవాడు కూడా కొట్టుకే పరుగెడతాడు. అది సంతోషానికి రుజువు కాదు.

పశువైద్యం_సునీత

స్వప్న గారి ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. నేను రెండు రకాల ఫామ్‌లూ చూస్తాను. పొడిగా గడ్డి పరిచిన గది, చలికి అడ్డు, సాయంత్రం కడుపునిండా తిండి, కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రే తీసే మనిషి ఉన్న ఫామ్ ఒకటి. తడి సిమెంటు నేల, పొట్టి గొలుసు ఉన్నది ఇంకోటి. రెండోదాన్ని సంప్రదాయం అని సమర్థించను, అక్కడివాళ్లకు ముఖం మీదే చెప్తాను.

కానీ ఈ కుక్క కష్టం మనం అనుకునే చోట లేదు. వాన, చలి దానికి పెద్ద లెక్క కాదు. దాని స్వభావమే దానికి శత్రువు: అలసిపోయానని ఒప్పుకోదు. ఎండ రోజున నాలుక ఒక పక్కకు వేలాడుతూ, వెనక కాళ్లు తూలుతున్నా గొర్రెల మీంచి చూపు తిప్పదు. ఆపాల్సింది మనిషే. పాదాల అడుగు చర్మం రాళ్ల మీద అరిగి లేచిపోతుంది. గోర్స్ అనే పొదల ముళ్లు కంటి దగ్గర గుచ్చుకుంటాయి. ముళ్లకంచె దూకబోయి పొట్ట చీరుకున్నవి వస్తాయి. క్వాడ్ బైక్ మీంచి దూకీ దూకీ ముందు కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి.

రెండు విషయాలు మాత్రం ప్రతి ఫామ్‌లోనూ విసుగు పుట్టేదాకా చెప్తుంటాను. ఒకటి, ఐవర్‌మెక్టిన్. గొర్రెల పురుగుల మందుగా వాడేది. కోలీ జాతుల్లో కొన్నిటికి ఎండీఆర్-1 అనే జన్యువులో లోపం ఉంటుంది. అది ఉన్న కుక్కకు ఆ మందు మెదడులోకి వెళ్లిపోతుంది. రఫ్ కోలీలతో పోలిస్తే బోర్డర్ కోలీలో ఈ లోపం అరుదే, అయినా ఉంది. మందు పట్టించాక డబ్బా మూత తెరిచి ఉంచడం, నేల మీద ఒలికింది కుక్క నాకడం, ఇవే ప్రమాదం.

రెండోది, చచ్చిన గొర్రె పచ్చి మాంసం కుక్కకు వేయొద్దు. గొర్రె కండరాల్లో, కాలేయంలో ఉండే బద్దెపురుగు తిత్తులు కుక్క కడుపులో పురుగులై, దాని మలంతో గడ్డి మీద పడి, మళ్లీ గొర్రెలోకి వెళ్తాయి. అందులో హైడాటిడ్ రకం మనిషికీ సోకుతుంది. మల్లేశ్ గారూ, ఇది మీకూ వర్తిస్తుంది. కర్నూలు వైపు ఆసుపత్రుల్లో కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఈ గడ్డలతో వచ్చేవాళ్లు కొత్త కాదు. మంద కుక్కలకు ప్రాజిక్వాంటెల్ మాత్ర క్రమం తప్పకుండా వేయించండి, ఖరీదైనది కాదు.

మంద_మల్లేశ్

నాయనకు ఇవ్వాళనే ఫోన్ చేసి చెప్త అక్కా. మా దగ్గర గొర్రె కోసినప్పుడు పేగులు కుక్కకే వేస్తరు.

లక్ష్మి_మాంచెస్టర్

ఇవన్నీ చదివాక మా అబ్బాయి ఒకటే గోల, బోర్డర్ కోలీ పిల్ల కావాలని. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్, దగ్గర్లో పార్క్ ఉంది. రోజూ సాయంత్రం వాకింగ్‌కి తీసుకెళ్తాం. సరిపోతుందా?

లీన్_రాధ

లక్ష్మి గారూ, వద్దు. బాల్ విసిరి అలసట తెప్పిద్దాం అనుకుంటారు. అలసిపోదు, ఇంకా బాల్ కావాలంటుంది. దానికి కావాల్సింది పరుగు కాదు, నిర్ణయాలు తీసుకునే పని. అది లేకపోతే సైకిళ్లను, కార్లను, మీ అబ్బాయి స్నేహితుల్ని మందగా చేసి మూలకు చేరుస్తుంది. పని చేసే వంశం పిల్లను ఫ్లాట్‌కి ఇవ్వడానికి మంచి బ్రీడర్ ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నవాడి దగ్గర కొనకండి.

అంతగా కావాలంటే రిటైరైన కుక్క గురించి అడగండి. తొమ్మిదీ పదేళ్లు వచ్చేసరికి కొండ పని మానేస్తాయి. కొన్నింటికి సోఫా బాగా నచ్చుతుంది. కొన్ని ఫామ్ వదిలి వెళ్తే తిండి మానేస్తాయి. మా ఇంట్లో ముసలిదాన్ని పంపలేదు. పొద్దున్నే గేటు దాకా వచ్చి, చిన్న కుక్క చేసే పనంతా కూర్చుని చూస్తుంది. అది తప్పు చేసినప్పుడల్లా ఒకసారి మొరుగుతుంది. నాకైతే మామగారు ఇద్దరున్నట్టు ఉంటుంది.

స్వప్న_బ్రిస్టల్

హహ. సరే, రాధ గారి ఇంటి కుక్క సంగతి ఒప్పుకుంటున్నా. గొలుసు సంగతి ఒప్పుకోను.

లీన్_రాధ

ఒప్పుకోకండి. మేమూ కట్టం.

కాన్వీ_కిరణ్

ఈ మధ్య ఇంకో సంగతి తెలిసింది. లాండుడ్నోలో గ్రేట్ ఓర్మ్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన సున్నపురాయి కొండ ఉంది కదా, ట్రామ్ ఎక్కి వెళ్తాం. దాని మీద 145 ఎకరాల పార్క్ ఫామ్‌ను నేషనల్ ట్రస్ట్ (ప్రకృతినీ పాత కట్టడాల్నీ కాపాడే సంస్థ) 2015లో కొని, మరుసటేడు ఏడాదికి ఒక్క పౌండు అద్దెకు ఒక గొర్రెల రైతుకు ఇచ్చింది. షరతు ఏంటంటే, అరుదైన పూల మొక్కలు, సీతాకోకచిలుకలు బతికేలా గొర్రెల్ని ఎప్పుడు ఎక్కడ మేపాలో చూసుకుని మేపాలి. పైన మేత నేల చాలా వరకు కంచె లేనిదే. ఇది వినగానే నాకు ఫస్ట్ గుర్తొచ్చింది కుక్కే.

పశువైద్యం_సునీత

సరిగ్గా పట్టుకున్నారు. గొర్రెను దాని ఇష్టానికి వదిలేస్తే తీయటి గడ్డి ఉన్న చోటే కూర్చుంటుంది. ముళ్ల పొదలు పెరిగిపోయి చిన్న పూల మొక్కల్ని కప్పేస్తాయి. మందను రోజూ కదిలిస్తూ ఉండాలంటే కుక్క లేకుండా ఎంతమంది మనుషులు కావాలో లెక్కేసుకోండి. పైగా అక్కడ టూరిస్టులు, వాళ్ల పెంపుడు కుక్కలు. ఫామ్ కుక్క కంటే నాకు వాటితోనే కేసులెక్కువ. "మావాడు ఆడుకుంటున్నాడంతే" అంటారు. చూలు గొర్రెను తరిమితే కడుపులో పిల్ల పోతుంది. వేరే దారి లేనప్పుడు గొర్రెల మీద పడ్డ కుక్కను రైతు కాల్చినా ఇక్కడ చట్టం తప్పు పట్టదు. దయచేసి కొండెక్కేటప్పుడు మన వాళ్లందరూ లీష్ వేయండి.

రవి_లీడ్స్

డ్రోన్లు వచ్చేశాయి కదా, ఇంకెన్నాళ్లు ఈ కుక్కలు?

హంట్‌అవే_హరి

ఇక్కడ కొన్ని ఫామ్‌లలో వాడుతున్నారు, మొరుగు శబ్దం వినిపించే స్పీకర్ కూడా పెట్టి. మొదట్లో గొర్రెలు కదులుతాయి. మంద ఎక్కడుందో వెతకడానికి బ్రహ్మాండం.

లీన్_రాధ

వెతకడానికి సరే. ఆగస్టులో మా కొండ మీద బ్రాకెన్ ఫెర్న్ మనిషి ఛాతీ ఎత్తు పెరుగుతుంది. గొర్రె దాని కింద పడుకుంటే పై నుంచి ఏ కెమెరాకీ అందదు. కుక్క వాసనతో పట్టుకుంటుంది. లోపల దూరి, మధ్యమధ్యలో గాల్లోకి ఎగిరి మేమెక్కడున్నామో చూసుకుని మళ్లీ దూరుతుంది. ఇక పిల్లతల్లి కాలు నేలకేసి కొట్టి ఎదురు తిరిగిందనుకోండి, కుక్క అక్కడే నిలబడుతుంది, వెనక్కి తగ్గదు, మీద పడదు. తల్లికి తిరిగి వెళ్లేంత సమయం ఇస్తుంది. గాలి 40 మైళ్లు దాటితే డ్రోన్ పెట్టెలోంచి బయటికి కూడా రాదు.

లక్ష్మి_మాంచెస్టర్

పిల్లను కొనడం మానేశాం, మా అబ్బాయిని ఒప్పించాను, ఏడ్చాడు. కనీసం ఆ పోటీలైనా చూపిద్దామని. ఎప్పుడుంటాయి? చూసేవాళ్లకు ఏం అర్థమవుతుంది?

లీన్_రాధ

వేసవిలో దాదాపు ప్రతి వారాంతం వేల్స్‌లో ఎక్కడో ఒక చోట ఉంటాయి. బ్రిటన్‌లో మొదటి పోటీ జరిగిందని చెప్పుకునేది మా పక్కనే బాలాలో, 1873 అక్టోబర్‌లో. గెలిచింది మాత్రం వేల్స్‌లో స్థిరపడిన ఒక స్కాట్లాండ్ ఆయన, ట్వీడ్ అనే కుక్కతో. మా వాళ్లు దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

హంట్‌అవే_హరి

న్యూజిలాండ్‌లో 1860ల్లోనే పోటీలు జరిగాయండీ, బాలా వాళ్లకు చెప్పండి.

లీన్_రాధ

చెప్తే ఆ ఊళ్లో నాకు టీ పుట్టదు.

లక్ష్మి గారూ, మామూలుగా పోటీల్లో ఒక జడ్జి దగ్గర వంద మార్కులుంటాయి. అవుట్‌రన్‌కి 20, లిఫ్ట్‌కి 10, నేరుగా తేవడానికి 20, దూరంగా గేట్ల మధ్య తోలడానికి 30, మందలోంచి కొన్నిటిని విడదీయడానికి 10, దొడ్డిలో పెట్టడానికి 10. వందతో మొదలుపెట్టి తప్పు చేసినప్పుడల్లా కోస్తూ పోతారు. బాబుకి ఒక చిట్కా చెప్పండి: కుక్కను చూడొద్దు, గొర్రెల తలల్ని చూడమనండి. తలలన్నీ ఒకే వైపు తిరిగి నడుస్తుంటే బాగా సాగుతున్నట్టు. ఒక్క గొర్రె తల వెనక్కి తిప్పిందంటే, కుక్కకు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. జడ్జి పెన్ను కదిలేది ఆ తర్వాత.

ఆ పోటీ మైదానంలో తిరిగే కుక్కల్లో ఏది పట్టుకున్నా వంశం వెనక్కి వెళ్తే ఓల్డ్ హెంప్ తగులుతుంది. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టింది, 1901లో పోయింది. మొరిగి, కరిచి తోలే కుక్కలున్న కాలంలో అది నిశ్శబ్దంగా చూపుతో పని చేసేదని చెప్తారు. అందరూ దాని పిల్లల్నే కోరుకున్నారు. వంశావళి పుస్తకాలు రాసే అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ పుట్టింది 1906లో.

మంద_మల్లేశ్

రాధక్కా, పోటీకి నేను కూడ వస్త. గొర్రె తలకాయ చూసుడు మాకు చిన్నప్పటి నుంచి అలవాటే. మా నాయన కూడ అదే చెప్తడు, కుక్క సంగతి లేకుండ.

కాన్వీ_కిరణ్

నేను ఆ రేకు విజిల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. గాలి వస్తోంది, శబ్దం రావట్లేదు. మా ఆవిడ నవ్వుతోంది. ఏం చేయాలి?

లీన్_రాధ

అందరికీ అంతే, కొన్ని వారాలు గాలే వస్తుంది. గట్టిగా ఊదకండి, మెల్లగా ఊదుతూ నాలుక చివర కొంచెం కొంచెం జరపండి, ఎక్కడో ఒక చోట కూత పుడుతుంది. ఆ చోటు గుర్తు పెట్టుకోండి. ఇంట్లో తలుపులు మూసుకుని, లేదా కారులో ప్రాక్టీస్ చేయండి. పెరట్లో మాత్రం వద్దు. మీకు సరైన కూత వచ్చిన రోజున పక్క ఫామ్ కుక్క పని మధ్యలో ఆగి పడుకుందంటే, ఆయన మిమ్మల్ని వచ్చే జులైకి పిలవడు.